విల్లు పట్టిన సవతి

అంట్లు తోమిన చేతులు పూర్తిగా ఆరందే సిరా బుడ్డి ముట్టుకోకూడదు. ఒక్క తడి చుక్క పడిందా, పేజీ మొత్తం గోవిందా. అందుకని ఆవిడ రోజూ వంటింటి పని ముగించి, చేతులు తుడుచుకుని, మళ్ళీ ఇంకోసారి తుడుచుకుని, అప్పుడు మొగుడి డ్రాయింగు బల్ల ముందు కూర్చునేది. కూర్చుని ఏం చేసేదంటే, సవతికి సింగారం చేసేది.

సవతంటే మనిషి కాదు లెండి, కాగితం మీది బొమ్మ. ఆయనగారు కామిక్కులు గీస్తాడు. పాత గ్రీకు కథల్లో అమెజాన్లనే ఆడ యోధులున్నారట. మగవాడి నీడ పడనివ్వని దేశమట వాళ్ళది. విల్లు లాగడానికి అడ్డమొస్తుందని కుడి రొమ్మే కోసేసుకునేవాళ్ళట. ఆ వంశంలో చివరి రాణి ఇప్పటి నగరంలోకి వచ్చి, మేడల మీంచి ఎగురుతూ దుర్మార్గుల పని పడుతుంది, అదీ ఆయన కథ. ఆ కోసుకోవడం సంగతి మాత్రం ఆయన పెన్సిలుకి రుచించలేదు. కథలో లేనిదాన్ని బొమ్మలో రెండింతలు చేసి పెట్టాడు.

ఆయన పెన్సిలుతో గీస్తాడు. ఆ గీతల మీద కుంచెతో సిరా దిద్దేది ఆవిడ. సిరా ఆరాక పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో చెరిపేసేదీ ఆవిడే. అచ్చులో కనిపించేది సిరా ఒక్కటే. పెళ్ళైన కొత్తలో "కాస్త సాయం చెయ్యవోయ్" అని మొదలైన పని, కూతురు కాలేజీకొచ్చినా ఇంకా సాయంగానే ఉంది. పుస్తకం మీద పేరు ఆయనదొక్కటే. ఇంట్లో ఖాళీగా ఉండేదానికి అదో కాలక్షేపం అంటుంది అత్తగారు, కోడలు ఖాళీగా ఉండటం ఏనాడూ చూడకపోయినా.

పేరు లేదని బాధ లేదా అంటే ఉంది. అంతకంటే పెద్ద మంట ఇంకొకటుంది. ఈర్ష్య. ఆ రాణి మీద నిలువెల్లా కాల్చేసే ఈర్ష్య. రాణికి గాటు ఏ మోచేతి మీదుందో ఆయన ఏనాడూ మర్చిపోడు, పెళ్ళాం మణికట్టు మీద కాలిన మచ్చ ఎప్పటిదని అడిగితే తెల్లమొహం వేస్తాడు. రాణి కోపంగా చూస్తే ఆ కళ్ళల్లో నిప్పు చూశావా అని మురిసిపోతాడు, ఈవిడ గొంతు కాస్త పెంచితే పక్కింటికి వినపడుతుందంటాడు. గాలికి ఎగిరే రాణి జుట్టుని వెంట్రుక వెంట్రుకా దిద్దుతూ, దువ్వెన పెట్టని తన జుట్టు ముడేసుకుని ఆవిడ పళ్ళు కొరుక్కునేది. దీనికేం, వండాలా, ఉతకాలా, అత్తగారి మోకాళ్ళకి మందు రాయాలా? బాణం వేస్తుంది, ఎగిరిపోతుంది. ఇంత ఎగిరినా దాని మొహానికి చెమటైనా పట్టదు.

ఒకరోజు చుట్టాలందరి ముందూ ఆడపడుచు, ఆడవాళ్ళ మనసు మా అన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంది. ఆయన సిగ్గుపడినట్టు నవ్వాడు. "ఆడదంటే అలా ఉండాలని నా ఊహ" అన్నాడు. అనేసి, మొహమైనా తిప్పకుండా ఖాళీ కప్పు ఈవిడ వైపు చాపాడు.

మర్నాడు బల్ల ముందు కూర్చుంటే ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. ఆయన పని మీద ఊరెళ్ళాడు, పేజీలు సాయంత్రానికల్లా అచ్చుకి వెళ్ళాలి. రాణి సన్నటి నడుముకి పెన్సిలు గీత మీద కాకుండా బయటగా కుంచె లాగింది. భుజాల్ని బరువులు మోసే భుజాలు చేసింది. కళ్ళ కింద నలుపు పెట్టింది. విల్లు లాగే చేతికి నరాలు తేల్చింది. కుడి రొమ్ము తీసేసి కవచం చదునుగా దిద్దింది. 'కోసుకునే వంశం కదా, కోసుకో మరి' అని పైకే అంది. అందం చెడగొట్టాలనే చేసింది, దాచడమెందుకు. పెన్సిలు చెరిపేశాక ఆయన రాణి ఎక్కడా మిగల్లేదు. ఆ పూట ఆవిడ వంట చేస్తూ కూనిరాగం తీసింది.

పుస్తకం వచ్చాక ఆయన ఇంతెత్తున లేచాడు. తన పరువు బజారున పడేసిందన్నాడు. కొడుకు పేరు చూసి ఓర్వలేకపోయిందని అత్తగారు అందుకుంది. ఓర్వలేకపోయిన మాట నిజమే కాబట్టి ఆవిడ తలొంచుకుని నిలబడింది.

వారం తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. పుస్తకం దుకాణాల్లో దొరకడం లేదట. ఎన్నడూ కామిక్కు ముట్టని ఆడవాళ్ళు కూడా అడిగి మరీ కొంటున్నారట. సంపాదకురాలు స్వయంగా ఇంటికొచ్చింది. "ఇన్నాళ్ళకి ఆ రాణి నిజంగా యుద్ధం చేసినదానిలా ఉంది. మీకెలా తట్టిందండీ?" అని ఆయన్ని అడిగింది. ఆవిడ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. ఇప్పుడైనా చెప్తాడనుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చాలాకాలంగా మనసులో నలుగుతున్నదే. ఆడదాని అలసటలో కూడా ఒక అందం ఉంటుంది కదండీ" అన్నాడు.

ఆవిడకి అప్పుడు పుట్టిన ఈర్ష్య ముందు పాతదసలు ఈర్ష్యే కాదు. ఈసారి రాణి మీద కాదు. తన కుళ్ళూ, తన ఉక్రోషమూ, తన కళ్ళ కింది నలుపూ కూడా ఆయన ఖాతాలోకే పోయాయి. చెయ్యని పనికి ఆ మెప్పంతా అంత సుఖంగా, కాలు మీద కాలేసుకుని అందుకుంటున్న మొగుడి మీద. సంపాదకురాలి కళ్ళల్లోని ఆ చూపు ఒక్కసారి తన మొహం మీద పడితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆయన కొత్త పేజీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాణి మళ్ళీ సన్ననడుముతోనే ఉంది, పోయిన రొమ్ము తిరిగొచ్చింది. ఆయనకి ఇంకోలా గీయడం రాదు. "పోయినసారి చేశావే, అలాగే కానిచ్చెయ్" అన్నాడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టుగా.

ఆవిడ కాదనలేదు. కుంచె ముంచి రాణికి భుజాలిచ్చింది, నడుమిచ్చింది, నరాలిచ్చింది. ఈసారి పళ్ళు కొరుక్కోలేదు. ఆయన వెనక నిలబడి, భేష్ అన్నట్టు తలూపుతూ చూస్తున్నాడు. పేజీ అడుగున కుడి మూల ఆయన సంతకం ఉంటుంది, అదీ పెన్సిలుతోనే. ఇన్నేళ్ళూ దాని మీద సిరా దిద్దిందీ ఆవిడే, ఆ వంకరలు ఆయనకంటే ఆవిడకే బాగా వచ్చు. ఆ మూల దాకా వచ్చి కుంచె కడిగేసింది.

"సంతకం మర్చిపోయావు" అన్నాడాయన.

"మర్చిపోలేదండీ" అంది. సిరా ఆరిందో లేదో వేలితో చూసి, రబ్బరు తీసుకుని, పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరపడం మొదలుపెట్టింది.