కింది నుంచి పైకి

ఆయన పానాతో మరను పావు చుట్టు తిప్పి ఆగాడు. మీటరులో సూది కదిలింది. మరో వెంట్రుకవాసి తిప్పాడు. పక్కన కొలతలు రాసే అమ్మాయి ఊపిరి బిగబట్టింది.

"నువ్వు పీల్చుకోవచ్చమ్మా. గాలి ఉండకూడనిది ట్యూబులో, నీలో కాదు."

అందరికీ ఆయన 'శ్రుతి బాబాయి'. గాలి పూర్తిగా లాగేసిన రాగి ట్యూబులో ఎలక్ట్రాన్లు పరుగెత్తి తరంగాలు పుట్టిస్తాయి. ఆ తరంగాలను అడిగిన ఫ్రీక్వెన్సీ దగ్గర పలికించడం ఆయన పని. మర బిగిస్తే ఉల్లిపొరలాంటి రేకు లోపలికి వంగుతుంది, ట్యూబులోని గది ఇరుకవుతుంది, శ్రుతి హెచ్చుతుంది. ట్యూబుల పని అని చెప్పిన పాపానికి ఒకసారి పక్కింటాయన పంచరైన సైకిల్ ట్యూబు పట్టుకొచ్చాడు. "అసలేముంటుంది బావా అందులో?" అని బావమరిది అడిగితే, "ఏమీ లేకుండా చూడటమే మా పని" అన్నాడు.

ఆ బల్ల దగ్గర ఒకటే నియమం: సూది మీటరు మీది గీతను ఎప్పుడూ కింది నుంచే అందుకోవాలి. దాటిపోతే కాస్త వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు. ఒక చుట్టు పూర్తిగా దిగి, మళ్లీ ఎక్కి రావాలి. మరలో కొంత వదులుంటుంది. పైనుంచి దిగితే మీటరు సరేనంటుంది, వేడెక్కాక ట్యూబు కాదంటుంది.

ఈ ట్యూబు క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ యంత్రానికి. సాయంత్రం బండెక్కాలి.

సూది గీత దాటింది. దిగి, ఎక్కాడు. మళ్లీ దాటింది. మళ్లీ దిగి, ఎక్కాడు. రేకు మాత్రం ఎన్నిసార్లని వంగుతుంది? మూడోసారి బొటనవేలు దానంతటదే ఎగిరింది, సూది మళ్లీ గీత దాటింది. ఇన్నేళ్లూ అన్నం పెట్టిన చెయ్యే చెయ్యిచ్చింది.

అమ్మాయి పెన్సిలు చెక్కుకుంటోంది. ఆయన వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. సూది బుద్ధిగా గీత మీద నిలబడింది.

"కుదిరిందా బాబాయ్?"

"ఆఁ."

ఆమె అంకె రాసింది. ఆయన మొహం తుడుచుకున్నాడు. చెబితే ఈ బల్ల పోతుంది. వణికే చేతికి ట్యూబు ఇవ్వరు. చెప్పకపోతే, ఎక్కడో ఒక మనిషి కదలకుండా పడుకుని ఉండగా యంత్రం ఆగిపోతుంది. ఎందుకాగిందో అక్కడ ఎవరికీ తెలియదు. తనకొక్కడికే తెలుస్తుంది.

"కొట్టెయ్యమ్మా."

"దేన్ని?"

"ఆ అంకెని. పైనుంచి దిగాను."

"మీరా? పొద్దున్నే జోకులొద్దు బాబాయ్."

ఆయన కుడిచెయ్యి బల్లమీద ఆనించాడు. గిన్నెలో వాషర్లు గలగలమన్నాయి. అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. చలికే అనుకున్నా. చలి వెళ్లింది, ఇది వెళ్లలేదు. ఇన్నాళ్లూ మర తిప్పాను, ఇక నేనే మరలాలి. రా, నా స్టూలు మీద కూర్చో."

ఆమె తిప్పింది. ఆయన చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

"దిగు. ఇంకా. పూర్తి చుట్టు. ఇప్పుడు ఎక్కు... తొందరెందుకు, బస్సేమైనా పోతోందా?"

రేకు ఇంకొక్కసారి ఓర్చుకుంది. సూది కింది నుంచి వచ్చి గీతను తాకి ఆగింది. ట్యూబు బాగా వేడెక్కేదాకా ఇద్దరూ చూశారు. సూది కదల్లేదు.

ఇంజనీరు గదిలో ఆయన పది నిమిషాలున్నాడు. "స్టోర్సులో ఏదైనా పని చూద్దాం లెండి" అని ఇంజనీరు అన్న మాట బయటికి వినబడింది. ఆ తర్వాత మెట్లు దిగే చప్పుడు, అంతే.

ట్యూబును బండి ఎక్కించి వచ్చాక అమ్మాయి కొక్కెం వైపు చూసింది. ఆయన నీలం కోటు అక్కడే ఉంది. ఎడమ జేబు ఇస్త్రీ మడతతో కొత్తదిలా ఉంది. కుడి జేబు మాత్రం కుట్లు తెగి, సాగి, లోపల ఇంకా ఎవరో పిడికిలి బిగించి దాచుకున్నట్టు ఉబ్బి ఉంది.