అదిమి పెట్టిన అన్నం

తెర్లుతున్న సాంబారు డేగిసా మీదికి ఒంగి, మూత కాస్త జరిపి, భ్రమరాంబ ఆ ఆవిరిని గుండెల దాకా పీల్చింది. పులుపు సరిపోయింది. ఇంగువ సరిపోయింది. ఉప్పు మాత్రం ముక్కుకు దొరకదు కదా!

“అక్కా, ఒక్క చుక్క నోట్లో ఏసుకొని చెప్పు” అంటూ గరిటె పక్కకు చాపింది.

కత్తిపీట ముందు కూచుని గోరుచిక్కుళ్లు తరుగుతున్న రుక్కమ్మ అరచేయి పట్టి, చప్పరించి, “ఇంక జరంత ఏయి” అంది.

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి లేపిన కొత్త అద్దాల మేడ అది. నాలుగో అంతస్తులో నూట ఇరవై మంది కంప్యూటరు పిల్లలు. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లకు పిచ్చెక్కుతుందట. రెండు నెలలే గడువుంది. ఆ పిచ్చి రాకుండా కుదర్చడానికి పాపం వాళ్లు తిండీ నిద్రా మానుకొని కూచుంటారు. వాళ్లకు వండేది భ్రమరాంబ. వేళ తప్పి తింటే పేగులు పుండ్లు పడతాయేమోనని భయపడేదీ ఆమే. నిజాంపేట హాస్టల్లో ఇంటరు చదివే కూతురున్న తల్లికి కనిపించిన ప్రతి పిల్లా తన పిల్లే.

అంతమందికి వండే మనిషి ఏడాదిన్నరగా ఒక్క చుక్క రుచి చూడలేదు. చుక్క నాలిక మీద పడితే చెంచా అవుతుంది, చెంచా కంచమవుతుంది, కంచం మళ్లీ తొంభై ఒక్క కిలోలవుతుందని ఆమె నమ్మకం.

ఆ తొంభై ఒకటిని ఆమె మరిచిపోలేదు. కూతురు హరిత పదో తరగతిలో ఉండగా బడిలో తల్లిదండ్రులను పిలిచారు. మూడో అంతస్తు. మోకాళ్లు రెండూ సమ్మె కట్టి, ఎనిమిదో మెట్టు మీదే కూలబడింది. పక్కనుంచి పోయే పిల్లలు నవ్వారు. హరితే చెయ్యి పట్టుకుని కిందికి దించింది. మరుసటిసారి మాత్రం, “ఈసారి మీటింగు లేదంటమా” అంది. మీటింగు జరిగిందని నాలుగు రోజుల తర్వాత పక్కింటావిడ చెప్పింది.

ఆ రోజునుంచి డాక్టరమ్మ చెప్పినట్టల్లా విన్నది. రాత్రి ఒక్క జొన్నరొట్టె, మధ్యాహ్నం చిన్న స్టీలు గిన్నెడన్నం, అదీ వట్టి మజ్జిగతో. కిలోలు కరిగాయి. మోకాళ్లు మాట విన్నాయి. ఇప్పుడు హాస్టలు మెట్లు ఆగకుండా ఎక్కుతుంది. కానీ యాభై ఎనిమిదికి వచ్చాక డాక్టరమ్మ మాట మార్చింది. “ఇంక తగ్గకూడదు. నిలబెట్టుకోవాలి. రోజూ అరగిన్నె అన్నం పెంచండి” అంది. భ్రమరాంబ తల ఊపి ఇంటికొచ్చి, అరగిన్నె కాదు కదా అరముద్ద కూడా పెంచలేదు. ఇన్నాళ్లూ తినవద్దన్న మనిషి ఒక్కసారిగా తినమంటే నమ్మేదెట్లా? కట్ట తెగేదాకా కనపడదు గండి.

తింటే మెట్లు పోతాయని భయం. తినకపోతే పడిపోతానని ఇంకో భయం. అది వట్టి భయం కూడా కాదు. తల దువ్వితే పిడికెడు వెంట్రుకలు ఊడొచ్చేవి. పొయ్యి దగ్గర కళ్లు చీకట్లు కమ్మేవి. బరువు యాభై నాలుగుకు జారింది. “ఇంకా తగ్గితే పొయ్యి దగ్గర నిలబడే పని మానాల్సిందే” అని డాక్టరమ్మ కోప్పడింది. పని మానితే హాస్టలు ఎట్లా? అదృష్టం కొద్దీ నెల రోజుల నుంచి కళ్లు తిరగడం ఆగింది. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్న వారానికే ఆగింది కాబట్టి, ఆ పుణ్యం స్వామిదేనని తేల్చుకుంది.

ఇవాళ వేరే దిగులు. రుక్కమ్మకు ఇదే చివరి రోజు. జహీరాబాదులో కూతురు ప్రసవించింది. మనవరాలిని చూసుకోవడానికి వెళ్లిపోతోంది. మళ్లీ పనికి రాదు.

రెండున్నరకు పిల్లలందరూ తిని పోయాక, ఇద్దరూ కంచాలు ముందేసుకున్నారు. రోజూ ఆ స్టీలు గిన్నె నింపేది రుక్కమ్మే. అన్నం ముందు భ్రమరాంబకు తన చెయ్యి తనకే దొంగలా కనిపించేది. అందుకే ఆ పని ఆమెకు అప్పగించింది.

“ఇయ్యాల నువ్వే పెట్టుకో” అంది రుక్కమ్మ.

భ్రమరాంబ గిన్నె నింపి, పైన వేలితో సమంగా గీసి, కంచంలో బోర్లించింది. అన్నం జలజలా విడిపోయి పలచగా పరుచుకుంది. ఆమె కంచం వంక తెల్లబోయి చూసింది.

“ఏందక్కా ఇది? రోజూ ముంత బోర్లించినట్టు నిలబడేది. ఈ పొద్దు ఇంతే ఉండాదే!”

రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“ఎందుకు నగుతావు? చెప్పు!”

“నిలవడక ఏం జేస్తదే? బొటనేలు పెట్టి అదిమి అదిమి నింపితి. నెల దినాలాయె. నువ్వు తినేది గిన్నె గాదు, గిన్నెన్నర.”

భ్రమరాంబ చేతులు ముందు నడుం మీదికి, తర్వాత మోకాళ్ల మీదికి పోయాయి. నెల రోజుల అన్నమంతా ఇప్పుడే, ఈ క్షణమే ఒంటి మీద కూలుతుందేమో అన్నట్టు బిగుసుకుపోయింది.

“ఎంత పని చేసినావక్కా! నా కొంప ముంచినావు గదా!”

“మునిగిందా? ఏదీ, జర చూపెట్టు. గా చీటీలు తియ్యి.”

ప్రతి సోమవారం లింగంపల్లి స్టేషనులో రంగుదీపాలు తిరిగే బరువు యంత్రం ఎక్కడం భ్రమరాంబ అలవాటు. రూపాయి వేస్తే అట్టముక్క రాలుతుంది. ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. ఏం రాసి ఉంటుందోనన్న భయంతో జాతకం వైపు చూడదు. కొంగుముడి విప్పి నెల చీటీలు నాలుగూ నేల మీద పరిచింది.

యాభై నాలుగు. యాభై నాలుగు. యాభై నాలుగున్నర. యాభై నాలుగు.

“గా అర ఏంది?”

“ఆ పొద్దు కొత్త చెప్పులు...”

“ఈ నెలల ఒక్కపారన్న కండ్లు తిరిగినయా?”

“లేదు. స్వామికి మొక్కుకొంటి గదా.”

“స్వామొచ్చి నీ గిన్నెల అన్నం కుక్కిండా? కుక్కింది నేను!”

భ్రమరాంబకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రుక్కమ్మ గొంతు తగ్గించింది.

“గంజి వంచుతుంటే తూలినవు సూడు, గానాడే అనుకున్న. గా ఉడుకుడుకు గంజి మీద పడ్తె నీ బిడ్డకు నేనేం జవాబు చెప్పాలె? చెప్తె నువ్వు తింటవా? తినవు. మోసం జేసిననంటవా, అనుకో. రేపటి సంది అదిమెటోళ్లు ఉండరు. ఇగ నువ్వే పెట్టుకోవాలె.”

భ్రమరాంబ నాలుగు చీటీల్నీ ఇంకోసారి చూసింది. అంకెలు అక్కడే ఉన్నాయి. ముప్పై పూటలు అరగిన్నె ఎక్కువ తిన్నది తనే. మోకాళ్లు మోసింది తననే. ఏ కట్టా తెగలేదు.

గిన్నెలో మళ్లీ అన్నం వేసింది. బొటనవేలితో అదిమింది. వేలి కింద వెచ్చగా, మెత్తగా దిగింది. కంచంలో బోర్లిస్తే ముంతలా నిలబడింది.

మొదటి ముద్ద మందులా మింగింది. రెండోది గోంగూర పప్పుతో కలిపింది. మూడో ముద్దకు, “నెయ్యి ఉండాదా?” అని తనే అడిగింది. ఆ మాటకు రుక్కమ్మ నెయ్యి గిన్నె కోసం లేచిన లేవడం చూస్తే నలభై ఏళ్లు తగ్గిపోయినట్టుంది.

సాంబారు నోట్లో పడగానే భ్రమరాంబ ఉలిక్కిపడింది.

“అక్కా! ఏందీ ఉప్పు? ఏడాదిన్నర నుంచి ఆ పిల్లోళ్లకు సముద్రం పోసినామా?”

“మా దిక్కు గంతే తింటం” అంది రుక్కమ్మ ఏ మాత్రం తొణక్కుండా. “అందుకే గన్ని నీళ్లు తాగుతుండ్రు నీ కంప్యూటరోళ్లు.”

ఇద్దరూ కంచాల మీద ఎంగిలి చేతులతోనే కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

సాయంత్రం కొత్తగూడ చౌరస్తా దాకా భ్రమరాంబ సాగనంపింది. బస్సు బోల్తా పడితే? సంగారెడ్డి దాటాక చీకటి పడితే? సంచి ఎవడైనా లాక్కుంటే? అన్నీ అడిగింది. రుక్కమ్మ బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి భ్రమరాంబ చెంప నిమిరి, “మంచిగ తిను బిడ్డా” అంది. బస్సు దుమ్ములో కలిసిపోయింది.

తన ఆటో ఇంకా రాలేదు. దారి పక్క గంపలో సీతాఫలాలు పండి పగిలి ఉన్నాయి. ఒకటి కొనుక్కుంది. ఎన్ని గింజలకు ఎంత గుజ్జో లెక్క పెట్టబోయి, మానుకుంది. కల్వర్టు గోడ మీద కూచుని, రెండుగా విప్పి, వేళ్లు జిగటయ్యేదాకా తిన్నది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ అదమలేదు. అడివి తేనె లాంటి తీపి గొంతులోంచి మెల్లగా దిగింది.

ఆటో వచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుని, ఒక్క అంగలో ఎక్కి కూచుంది.

కల్వర్టు గోడ మీద లోపలంతా తెల్లగా గీకేసిన సీతాఫలం తొక్క, దాని పక్కన పిడికెడు నల్లటి గింజలు, సాయంత్రపు ఎండలో ఇంకా తడిగా మెరుస్తున్నాయి.