గేటు కాటా

మా జీడి ఫ్యాక్టరీలో మనుషుల్ని తూచడం రెండువేల రెండు వేసవిలో మొదలైంది. అంతకుముందు పిక్కల్ని తూచేవారు, ఒలిచిన పప్పుని తూచేవారు. పప్పు తగ్గుతోందని ఓనరుకి అనుమానం వచ్చింది. బస్తాలు తూచే కాటాని తెచ్చి గేటు దగ్గర పెట్టించాడు. పలాసలో ఇన్ని ఫ్యాక్టరీలుంటే అంత తెలివైన ఓనరు మాకే దొరకాలా?

పొద్దున్న క్యారేజీతో సహా కాటా ఎక్కాలి. సూపర్‌వైజరు ఢిల్లీరావు మా బరువుని సుద్దముక్కతో క్యారేజీ మూత మీద రాస్తాడు. సాయంత్రం మళ్ళీ ఎక్కాలి. పావుకిలో పెరిగితే ఊరుకుంటాడు. అంతకు మించితే చీరలో పప్పు దాచినట్టే లెక్క. ఆయా అసిరమ్మ గదిలోకి తీసుకెళ్ళి ఒళ్ళంతా వెతుకుతుంది. ఏమీ దొరక్కపోయినా వదలరు. తూకం దిగేదాకా లోపలే కూర్చోవాలి.

చెంబెడు నీళ్ళంటే ముప్పావుకిలో. రెండో రోజుకల్లా ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. మూలనున్న మంచినీళ్ళ కుండని ముట్టుకోవడం అందరూ మానేశారు. పక్క గదిలోనే పప్పు ఆరబెట్టే పొయ్యిలు. ఆ వేడికి నాలుక పిడచకట్టుకుపోయేది. అయినా తలొంచుకుని ఒలుస్తూనే ఉండేవాళ్ళం. ఒంటికి వెళ్ళాలన్నా గేటు దాటాలి, పని మధ్యలో గేటు తియ్యరు.

నాకు ఒంటికి వెళ్తే మంట మొదలైంది. కాశీబుగ్గలో డాక్టరుకి చూపించుకున్నాను. “రోజుకి మూడు లీటర్లు నీళ్ళు తాగాలమ్మా, లేకపోతే కిడ్నీలు పోతాయి” అన్నాడు. మూడు లీటర్లంటే మూడు కిలోలని ఆయనకెలా చెప్పను? మా అన్నయ్య అప్పన్న కిడ్నీలు పోయే చచ్చిపోయాడు. ఆయన పిల్లలిద్దరూ నా చేతి కూడే తింటున్నారు. పని మానేస్తే వాళ్ళకేం పెట్టను? నాకు నిజంగా భయం వేసింది.

ఒకరోజు తెగించి మూడు చెంబులు తాగాను. సాయంత్రం కిలో పెరిగాను. అసిరమ్మ వెతికింది. ఏముంటుంది నా దగ్గర?

“నీలు తాగినాను బాబూ” అన్నాను ఢిల్లీరావుతో.

“నీలు ఇంటికాడ తాగాల. ఇక్కడికి పనికొత్తన్నావా, నీలు తాగడానికొత్తన్నావా?”

పొయ్యి గది గుమ్మంలో కూర్చుని ఆ కిలో చెమటకార్చాను. వదిలేసరికి మా ఊరి ఆఖరి ఆటో వెళ్ళిపోయింది. ఉద్దానం దారిలో జీడితోటల మధ్య ఒక్కదాన్నే నడుస్తూ వాడికీ వాడి ఓనరుకీ నోటికొచ్చిన శాపాలన్నీ పెట్టాను. మర్నాటి నుంచి మళ్ళీ నీళ్ళు ముట్టలేదు. మంట ఎక్కువైంది.

నెల తిరిగాక ఓనరే ఓ సాయంత్రం కాటా పక్కన కుర్చీ వేసుకున్నాడు. మేమందరం పొద్దుటికంటే తగ్గి ఉన్నాం. అది చూసి ఆయనకి కొత్త అనుమానం పుట్టింది. పొద్దున్న చీరలో రాళ్ళు కట్టుకొచ్చి, లోపల పారేసి, పప్పు కట్టుకెళ్తున్నామట. దొంగబుద్ధి ఎవరిదో మీరే చెప్పండి. ఇకమీదట తగ్గినా వదలొద్దన్నాడు.

మర్నాడు సాయంత్రం నేను కాటా ఎక్కాను. మూత మీద నలభై ఆరున్నర అని ఉంది. కాటా మీద నలభై అయిదు.

“ఏటి సన్యాసమ్మా, కిలోన్నర ఏటైపోనాది?”

“సెమటైపోనాది బాబూ.”

“సెమటో రాయో నాకేటి తెలుసు? సరిపోకుండా పంపితే నా ఉజ్జోగం పోద్ది.”

నా వెనక ఇంకా బోలెడు మంది ఉన్నారు. అతనికీ ఇంటికెళ్ళాలని ఉంటుంది కదా. బుర్ర గోక్కుని, కాటాని నలభై ఆరున్నరకి సర్ది, లోపలికెళ్ళి కుండా చెంబూ తెచ్చి కాటా పక్కన నేల మీద పెట్టాడు.

“ఇయ్యి తాగీ. సరిపోతే ఎల్లిపోదువు.”

కాటా మీద నిలబడే తాగాను. మొదటి చెంబు గొంతులోంచి చల్లగా దిగుతుంటే ఏడుపొచ్చింది. నెల రోజులుగా కుండలో కనబడుతూ నాకు అందని నీళ్ళు అవి. రెండో చెంబు తాగేసరికి కాటా కమ్మి మెల్లగా లేచి సమంగా నిలబడింది.

“సాలు, సరిపోనాది. దిగు.”

నేను మళ్ళీ చెంబు ముంచాను.

“ఏటి సేత్తన్నావు? పెరిగిపోతావు. గేటు తియ్యను, సెప్తన్నాను.”

“తియ్యకు బాబూ” అన్నాను. వెనకనున్న మా ఊరి దేముడమ్మ వైపు తిరిగి, “దేముడమ్మా, పిల్లలకి నువ్వు అన్నం పెట్టీ, నాను రాత్రికి రాను” అని చెప్పాను.

కమ్మి పైకి లేచి ఇనుముకి టక్కున తగిలింది. ఢిల్లీరావు కుండ లాక్కోబోయాడు. రెండు చేతులతో దాన్ని పొట్టకి అదుముకుని, మెడ వంచి కుండలోంచే తాగడం మొదలుపెట్టాను.