కిటికీ ఎద్దు

ఎడమ మోచేతితో తోకను పక్కకు తోసి, కుడిచేతిలోని తడిగుడ్డతో జంగమ్మ ముసలి ఎద్దు మైలోడి డొక్క తుడుస్తూ ఉంది. పైనుంచి కిందికి, ఆ తర్వాత గుండ్రంగా. గుడ్డను బకెట్టులో జాడించి, పిండి, మళ్ళీ గుండ్రంగా. డొక్క నడుమ అరచేయంత నల్ల రబ్బరు మూత ఉంది. దాని అంచున ఊరిన పసరును చూపుడువేలితో తీసేసి, వేపనూనెలో కలిపిన పసుపును చుట్టూ రాసింది. ఆ వాసనకు ఈగలు లేచిపోయి కొట్టం వాసానికి వాలాయి.

"కదలకు కొడుకా. అయిపాయె."

మైలోడు కదలలేదు. ఈమధ్య వాడు కదలడమే తక్కువ. ఒళ్ళు ఒకప్పుడు మబ్బు రంగులో ఉండేది. ఇప్పుడు మోకాళ్ళ దగ్గరా, మూపురం మీదా వెంట్రుకలు రాలి, తోలు కాయలు కాసింది. ఒక కొమ్ము నిటారుగా ఉంటుంది, ఇంకొకటి చెవి మీదికి వంగి ఉంటుంది. ఆ వంగిన కొమ్ము కిందే జంగమ్మ రోజూ గోకుతుంది. ఈరోజూ గోకింది. వాడు కళ్ళు సగం మూశాడు.

మొయినాబాదు దాటాక, రోడ్డుకు లోపలగా ఉన్న పశువుల మేత పరిశోధన కేంద్రం అది. పశువు తిన్న మేత లోపల ఎంత అరుగుతున్నదో, ఏ గడ్డి ఎంత బలమో తెలుసుకోవడానికి మైలోడి డొక్కకు చిన్నప్పుడే కిటికీ పెట్టారు. మత్తు ఇచ్చి, కడుపు దాకా కోసి, రబ్బరు గొట్టం బిగించి, మూత పెట్టారు. మానిన తర్వాత దానికి నొప్పీ లేదు, బాధా లేదు. మేత నింపిన చిన్న చిన్న గుడ్డసంచులను దారానికి కట్టి ఆ కిటికీలోంచి కడుపులోకి దింపుతారు. మళ్ళీ తీసి, కడిగి, ఆరబెట్టి, ఎంత మిగిలిందో తూస్తారు. పక్కనున్న సురంగల్ ఊరి జనం దాన్ని కిటికీ ఎద్దు అంటారు. అంగడికి పోయేవాళ్ళు ఒకప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, ఒక్కసారి మూత తీసి చూపించమని బతిమాలేవాళ్ళు.

ఇప్పుడు కేంద్రం మూసేస్తున్నారు. గొర్రెలూ బర్రెలూ నగరానికి అవతల కట్టిన కొత్త క్షేత్రానికి వెళ్ళిపోయాయి. కొట్టంలో మిగిలింది మైలోడు ఒక్కడే. రేపు పొద్దున లారీ వస్తుంది. ఇన్నేళ్ళు కిటికీతో బతికిన పశువు కడుపు ఎలా ఉందో అక్కడ చూస్తారట. కోసి చూడాలంటే ముందు సూది ఇచ్చి చంపాలి.

"మేడం, వానిని నాకియ్యుండ్రి. ఇంటిముందల కట్టేసుకుంట. వానంతట వాడే పోతడు," అని జంగమ్మ కేంద్రం డాక్టర్ అరుణశ్రీని అడిగింది. అరుణశ్రీ పైవాళ్ళను అడిగింది. జవాబు ఈరోజు ఫోనులో చెబుతామన్నారు. అందుకే జంగమ్మ పొద్దుటి నుంచి ఆఫీసు గదివైపు చెవి పెట్టే ఉంది.

మైలోడిని మొదట సాకింది ఆమె కాదు, ఆమె భర్త చిన్నయ్య. కిటికీ పెట్టిన రోజున వాడు మత్తు దిగి వణుకుతుంటే, చిన్నయ్య గొంగడి కప్పి పక్కనే పడుకున్నాడు. మోచేతిదాకా చేయి పెట్టి సంచులు తీసే పని అతనిది. ఎంత సబ్బు రుద్దినా ఆ చేతికి పులిసిన చొప్ప వాసన పోయేది కాదు.

"అన్నం నీకు కలుపుకుంటున్నవా, ఎద్దుకు కలుపుతున్నవా?" అని జంగమ్మ ఎగతాళి చేసేది.

"ఎద్దుకైతే ఇంత ఉప్పెయ్యకపోతుంటివి," అనేవాడు.

ఒక ఏరువాక పున్నమికి చిన్నయ్య మైలోడి కొమ్ములకు రంగు పూసి, ఇంటినుంచి తెచ్చిన భక్ష్యాలు దొంగచాటుగా తినిపించాడు. పండుగనాడు ఎద్దుకు పెట్టకుండా మనిషి తినడం వాళ్ళ ఇంట్లో లేదు. ఆ మర్నాడు కేంద్రంలోని అప్పటి పెద్దడాక్టరు మూత తీసి చేయి పెడితే చొప్పలో కలిసి పసుపుపచ్చ శనగపప్పు వచ్చింది. పరీక్షంతా పాడైంది. పెద్దడాక్టరు కేకలు వేస్తుంటే చిన్నయ్య తలొంచుకుని, "ఏ ఎద్దుకు పెట్టినా తెల్వకపోవు సారూ. దీని కడుపుల దాసుకోనీకె లేకపాయె," అన్నాడు. అప్పుడే కొత్తగా చేరిన అరుణశ్రీ నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. పెద్దడాక్టరు కూడా కాసేపటికి మెత్తబడ్డాడు. ఆ తర్వాత ఏ ఏడూ ఏరువాకకు ముందూ వెనకా మైలోడి కడుపులో సంచులు దింపలేదు.

ఆ మూత కూడా చిన్నయ్యదే. విదేశాల నుంచి తెప్పించిన మూత ఎప్పుడో ఊడి పెంటగుంటలో కలిసిపోయింది. కొత్తది వచ్చేసరికి నెలలు పడుతుందన్నారు. చిన్నయ్య చేవెళ్ల పోయి, చెప్పులు కుట్టే అంతయ్య దగ్గర కూర్చుని, పాత లారీ టైరును కోయించి, అంచులు తానే కత్తితో చెక్కి తెచ్చాడు. "కొత్తది వచ్చేదాకా ఉండనీ," అన్నాడు పెద్దడాక్టరు. కొత్తది వచ్చింది గాని బిగువుగా కూర్చోలేదు. టైరు మూతే ఉండిపోయింది.

పసిరికలై, కళ్ళు పచ్చబడి చిన్నయ్య పోయాక ఆ పని జంగమ్మకు ఇచ్చారు. మొదటిరోజు భయపడుతూ, కళ్ళు మూసుకుని చేయి లోపల పెట్టింది. పొయ్యి మీదినుంచి దించిన జొన్న గటుకలాగా వెచ్చగా ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, ముద్ద నోటిదగ్గరికి తెచ్చుకునేసరికి తన చేతినుంచి చిన్నయ్య చేతి వాసన వచ్చింది. అతను పోయిన తర్వాత కడుపునిండా తిన్నది ఆ పూటే.

మధ్యాహ్నం మోటారుసైకిలు చప్పుడైంది. సురంగల్ శివయ్య. పొలం అమ్మాక కొన్న బండి అది. దిగీ దిగకముందే అరిచాడు.

"అక్కా! నా బర్రె నెమరేస్తలేదే. నిన్నటిసంది గట్లనే నిలబడ్డది."

"ఏం పెట్టినవురా దానికి?"

శివయ్య తల గోక్కున్నాడు. "ఫారంహౌసుల సాఫ్ట్‌వేరోళ్ళు దావతు చేసుకున్నరు. బిర్యాని మిగిలింది, పారబోస్తున్నరు. అన్నమే కదా అని తట్టెడు తెచ్చి..."

"తట్టెడు బిర్యాని! బర్రెకు! ముక్కలు నువ్వు ఏరుకున్నవా, దానికే పెట్టినవా?"

"నవ్వకే అక్కా. గడ్డి యాడున్నది? చేన్లల్ల ప్లాట్ల రాళ్ళు నాటిండ్రు. చేవెళ్ల డాక్టరొచ్చి మందిచ్చిండు. ఉబ్బరం దిగింది గాని నెమరు పడలేదు. 'మందు నా దగ్గర లేదు, కిటికీ ఎద్దు కడుపుల ఉన్నది, పో' అన్నడు."

అరుణశ్రీ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులోని రసంలో కంటికి కనిపించని ప్రాణులు కోట్లుంటాయి. మేతను అరిగించేవి అవే. అవి చచ్చిన కడుపులోకి బతికున్న రసం పోస్తే మళ్ళీ నెమరు పడుతుంది. పెద్దలకు ఈ మాటలు తెలియకపోయినా పని తెలుసు. వెనకటికి మంచి ఎద్దు నోట్లోంచి నెమరు ముద్ద తీసి, జబ్బు పశువు నోట్లో కుక్కేవాళ్ళు.

అరుణశ్రీ మైలోడి వైపు చూసింది. "ముసలిది జంగమ్మా. ఈ వారం సరిగా తిననేలేదు. నువ్వేమంటవు?"

జంగమ్మ దగ్గరికి జరిగింది. మైలోడి వంగిన కొమ్ము కింద చేయి పెట్టింది. తర్వాత చీర చెంగు దోపుకుని, చేయి కడుక్కుని, మూత తిప్పి తీసింది. పుల్లటి వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. మోచేతిదాకా చేయి దూర్చి, నానిన చొప్పను పిడికెడు పిడికెడు తీసి, గుడ్డలో వేసి స్టీలు క్యానులోకి పిండింది. ఆకుపచ్చ రసం నురుగుతో దిగింది.

"చాలు, ఇంక వద్దు," అంది అరుణశ్రీ. జంగమ్మ మూత పెట్టి బిగించింది. రసం చల్లబడకూడదు. క్యానుకు గోనెసంచి చుట్టి ఒళ్ళో పెట్టుకుని శివయ్య వెనక కూర్చుంది.

"గట్టిగ పట్టుకో అక్కా."

"నన్నెందుకు, క్యానును పట్టుకుంట. నువ్వు రోడ్డు చూడు."

దారికి రెండువైపులా తెల్లసున్నం పూసిన రాళ్ళు. రంగుల జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఒకచోట యంత్రం మట్టి చదును చేస్తోంది. అక్కడ ఒకప్పుడు తలెత్తినా మనిషి కనిపించనంత ఎత్తు జొన్న ఉండేది. చిన్నయ్య అందులోంచి చొప్ప మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, మోపే నడిచివస్తున్నట్టు ఉండేది. ముందు కాళ్ళు కనిపించేవి, తర్వాత పాట వినిపించేది, మనిషి చివర. జంగమ్మ ఒళ్ళోని క్యాను వెచ్చగా పొట్టకు తగులుతూ ఉంది.

శివయ్య వాకిట్లో బర్రె చెవులు వాల్చి, చూపు నేలమీద పెట్టి నిలబడి ఉంది. శివయ్య తల ఎత్తి పట్టుకున్నాడు. జంగమ్మ వెదురు గొట్టంతో రసాన్ని కొంచెం కొంచెంగా, పొలమారకుండా గొంతులోకి దింపింది. చిన్నయ్య చేస్తుండగా చూసి నేర్చుకున్న పని అది. చివర్న బర్రె గొంతు నిమిరి, "తాగు తల్లీ. మా మైలోని ఎంగిలి. నామోషి పడకు," అంది.

ఆమె తిరిగి వచ్చేసరికి అరుణశ్రీ కొట్టం దగ్గరే నిలబడి ఉంది. ముఖం చూడగానే జంగమ్మకు తెలిసింది.

"ఇవ్వనీకె రూల్ లేదంట జంగమ్మా. రెండుసార్లు అడిగిన. రేపు పొద్దున లారీ వస్తది."

జంగమ్మ తలూపింది. బకెట్టు తీసింది. మళ్ళీ కింద పెట్టింది.

"ఇంక సంచులు దింపేది లేదు," అంది అరుణశ్రీ. "ఇయ్యాల తూకం లేదు, లెక్క లేదు. నీకేం పెట్టాలనిపిస్తే అది పెట్టు."

ఆమె గదిలోకి వెళ్ళిపోయింది. జంగమ్మకు ఏం పెట్టాలో తోచలేదు. ఇన్నేళ్ళూ చొప్ప అంటే చొప్ప, పల్లిచెక్క అంటే పల్లిచెక్క, త్రాసు చెప్పినంతే పెట్టింది. టిఫిను డబ్బా తెరిచి, జొన్నరొట్టె తీసి, బెల్లంముక్క నడుమ పెట్టి మడిచి మైలోడి నోటిముందు పట్టింది. వాడు వాసన చూశాడు, తినలేదు. తల తిప్పి మూలనున్న త్రాసు వైపు చూశాడు.

"ఓరి నీ! అలవాటు మానకపోతివి కదరా."

లేచి వెళ్ళి త్రాసుపళ్ళేలు రెండూ టంగుమని మోగించింది. ఆ చప్పుడు విన్నాకే వాడికి ఎప్పుడూ మేత వచ్చేది. ఒక పళ్ళెం ఊడదీసి, అందులో రొట్టె పెట్టి తెచ్చింది. ఈసారి మైలోడు నాలుక చాపి, మెల్లగా, పళ్ళెం నాకి మరీ తిన్నాడు.

తర్వాత ముందుకాళ్ళు మడిచి నీడలో పడుకున్నాడు. జంగమ్మ పక్కన కూర్చుని, మూత దగ్గర చెవి ఆనించింది. లోపల దూరాన ఉరుము కదిలినట్టు చప్పుడు. ఆ మీదట ముద్ద గొంతులోకి రావడం తెలిసింది. దవడ కదిలింది. ఈ వారంలో మొదటిసారి మైలోడు ఇంత తీరుగా నెమరు వేస్తున్నాడు.

"తియ్యగున్నదా?" అంది.

ఆమె ఎండు చొప్ప ఏరుతూ, ఊళ్ళో సంగతులు చెబుతూ ఉంది. బిర్యాని సంగతి చెప్పి తానే నవ్వింది. కొట్టం నీడ జరిగి గోడ ఎక్కుతుండగా దవడ ఆగింది. మళ్ళీ కదులుతుందని చూసింది. ఒక ఈగ వచ్చి వాడి కంటిమీద వాలింది. రెప్ప పడలేదు. జంగమ్మ ఈగను తోలింది. అది మళ్ళీ అక్కడే వాలింది.

మేడంను పిలవడానికి ఆమె వెంటనే లేవలేదు.

పొద్దు వాలుతుండగా శివయ్య బండి మీద అరుచుకుంటూ వచ్చాడు. "అక్కా! పడ్డదే నెమరు! పటపట నములుతున్నది..." కొట్టం ముందు బండి ఆపి, చూసి, మెల్లగా దిగాడు. "నేను తీసుకపోయినందుకేనా?" అని అడిగాడు.

"అది కాదు శివయ్యా. వయసు," అంది అరుణశ్రీ. "రేపటి లారీ ఎట్లయినా రావాలె, సామాను తీసుకపోతది. వాళ్ళ పరీక్షకు మాత్రం సూదిచ్చిన వెంటనే తీసిన వెచ్చటి కడుపు కావాలె, చల్లబడ్డది పనికిరాదు. ఇంక మైలోణ్ణి ఎవరూ కొయ్యరు."

శివయ్యే పోయి చదును చేస్తున్న యంత్రాన్ని పిలుచుకుని వచ్చాడు. కొట్టం వెనక గుంట తవ్వారు. దింపేముందు అరుణశ్రీ రబ్బరు గొట్టాన్ని జాగ్రత్తగా విడదీసి కడిగింది. అది కేంద్రం సొత్తు. మూతను మాత్రం జంగమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మాది కాదు. చిన్నయ్యది."

పొద్దున లారీ వచ్చి గొట్టాన్నీ, త్రాసునూ, నీళ్ళ తొట్టినీ ఎత్తుకుపోయింది. జంగమ్మ కొట్టం ఊడ్చి, చీపురు గోడకు ఆనించి నడిచి వచ్చేసింది. శివయ్య వాకిలి దగ్గర ఆగింది. బర్రె కళ్ళు సగం మూసుకుని, తీరుబడిగా నెమరు వేస్తోంది. ఆ నోటి వాసన దారిదాకా వస్తోంది, పులిసిన చొప్ప వాసన.

ఇంటికి వచ్చి ఆమె చేతులు కడుక్కోలేదు. గూట్లో దీపపు బుడ్డిని కొంచెం పక్కకు జరిపింది. ఆ ఖాళీలో, అంచంతా చిన్నయ్య కత్తిగాట్లతో, నల్లటి టైరు మూత. దాని లోపలి వైపు చొప్ప పసరు ఇంకా ఆరలేదు.