బుధవారం గ్యాలరీ

సైకిల్ ట్యూబు ముక్కను పళ్ళతో పట్టి లాగి, మైకు హారన్‌ను ఆటో టాపు కమ్మీకి రెండో కట్టు కట్టాడు మునిప్రసాద్. నిజానికి మొదటి కట్టే చాలు. కానీ సంతపేట రోడ్డు గుంతలకు హారన్ మూతి పైకి లేస్తే మాట ఇళ్ళవైపు కాకుండా ఆకాశంలోకి పోతుంది. మ్యాచి చూడటానికి ఆకాశంలోంచి ఎవరూ దిగిరారు.

సన్నటి మనిషి. మెడ కొంచెం పొడుగు. మాట్లాడకపోయినా ఆ మెడలో గొంతుముడి పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. జుట్టుకు వేసిన రంగు చెవుల దగ్గర ఎర్రబడి, తలలో సగం వయసు ఒకటి, సగం వయసు ఇంకొకటిలా కనిపిస్తాడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మైకులోకి "హలో, హలో" అన్నాడు. పక్కింటి కుక్క అలవాటుగా లేచి, వీధి చివరికి పోయి పడుకుంది.

"బుధవారం పూట ఎవురొస్తారని అంత బిగిచ్చి కడతా ఉండావు?" అంది భార్య మునెమ్మ, గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ.

"రావల్ల. ఈ పొద్దు రాకుంటే ఇంగెప్పుడూ రానక్కర్లే."

మునెమ్మ తల వంచి ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ఆ మాటలో ఉన్న బరువు ఆమెకు తెలుసు.

ఏడాది పొడుగునా మునిప్రసాద్ నోట్లో ఉండేవి పరాయి మాటలే. రేపు కుళాయిలు రావని మున్సిపాలిటీ వాళ్ళు రాసిచ్చిన మాట, దుప్పట్లు చవగ్గా ఇస్తామని అంగడివాడు రాసిచ్చిన మాట, ఫలానా పెద్దాయన దైవసన్నిధికి చేరారని కొడుకులు కళ్ళు తుడుచుకుంటూ రాసిచ్చిన మాట. ఎవరు ఏది ఇస్తే అది చదివేవాడు. ఫుట్‌బాల్ మ్యాచికి మాత్రం ఎవరూ ఏమీ రాసివ్వరు. గ్రౌండు పక్కన రేకుల నీడలో బల్ల వేసుకుని కూర్చుంటే, కళ్ళు చూసింది నోటికి వస్తుంది. ఎవరికీ దొరక్కుండా సందుల్లోంచి పోయే కుర్రవాడికి 'ఉడత' అని పేరు పెట్టింది తనే. అడ్డంగా నిలబడి కదలని గోల్‌కీపర్‌కు 'బీరువా' అని పెట్టింది కూడా తనే. ఆదివారం గ్యాలరీలో తన నోట వచ్చిన పేరు సోమవారం పొద్దున్నే బస్ డిపోలోనూ మామిడికాయల మండీలోనూ కోర్టు వరండాలోనూ వినిపించేది. ఆ పేర్లు పెట్టింది ఎవరో సగంమందికి తెలియదు. తెలియకపోయినా అతనికి బాగానే ఉండేది. ఇంత బతుకులో తనది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఆ ఆదివారం పోయింది. ఎప్పుడో రుక్మిణమ్మ పెట్టించిన ఈ ఫుట్‌బాల్ కప్పు ఇంకా ఆమె పేరుమీదే నడుస్తున్నా, పగ్గాలు ఇప్పుడు మనవడు అమర్‌నాథ్ చేతిలో ఉన్నాయి. ఆదివారాలు గ్రౌండును క్రికెట్ వాళ్ళకు బాడుగకిచ్చి, ఫుట్‌బాల్‌కు బుధవారం మిగిల్చాడు. సెలవురోజైతే జనం గుళ్ళకూ పెళ్ళిళ్ళకూ పోతారు, వారం మధ్యలో అయితే ఖాళీగా ఉంటారు అని అతని వాదన. వారం మధ్యలో ఖాళీగా ఉండేది అతనిలాంటి డబ్బున్నవాళ్ళేనని అతనికి ఎవరు చెప్పగలరు? లీగ్ మ్యాచులు అయినన్నాళ్ళూ గ్యాలరీ మెట్ల మీద మేకలు పడుకున్నాయి. మునిప్రసాద్ మాట ఎదురుగోడకు కొట్టుకుని తిరిగి తన చెవిలోనే పడేది. చివరికి అమర్‌నాథ్ ఒక మాట అన్నాడు. సెమీఫైనల్‌కు స్వయంగా వస్తాడట. గ్యాలరీ నిండితే కప్పు చిత్తూరులోనే ఉంటుందట. నిండకపోతే, తిరుపతిలో లైట్లూ ఆకుపచ్చ తివాచీ ఉన్న గ్రౌండువాళ్ళు అడుగుతున్నారు, అక్కడికి పోతుందట. ఆ సెమీఫైనల్ ఈరోజే. సంతపేట జట్టుకూ పలమనేరు జట్టుకూ.

మునిప్రసాద్ ఆటో తీశాడు.

మండీలో హమాలీలు తలమీద గోనెపట్టాలతో లారీకీ దుకాణానికీ మధ్య పరుగులు పెడుతున్నారు. మైకు విని ఒకడు బుట్ట దించకుండానే నవ్వాడు. "అన్నా, మే నెల్లో పెండ్లి పెట్టుకుంటేనే పోలేదు మేము. సీజన్లో బుధవారం మ్యాచా? నీకు కప్పు కావల్నా, మాకు కూడు కావల్నా?" డిపోలో మెకానిక్కులు బస్సు కిందనుంచి కాళ్ళు మాత్రమే బయటపెట్టి సమాధానం చెప్పారు. కోర్టు దగ్గర ఒక గుమాస్తా ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫోన్లో చూపిస్తారంట కదప్పా, ఆడ్నే చూస్తాలే. నీ మాటలు ఇంటాలే."

ఫోన్లో చూస్తాడట. ఫోన్లో చూసేవాడితో మెట్లు నిండుతాయా? మునిప్రసాద్‌కు ఒళ్ళు మండింది. అయినా "సరే సార్" అని నవ్వాడు. నవ్వడం కూడా అతని పనిలో భాగమే.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఊరంతా తిరగడం అయిపోయింది. వస్తామన్నవాళ్ళు ఒక జీపుకు సరిపోతారు. గ్రౌండు వైపు తిరిగి వస్తుంటే బైపాసు పక్కన ట్రాక్టర్ల వరస కనిపించింది. కొత్తగా కనిపించడమేమీ కాదు, సోమవారం నుంచీ అక్కడే ఉంది. గ్రౌండు ప్రహరీ వెంబడి పోయి, మలుపు తిరిగి, జ్యూస్ ఫ్యాక్టరీ గేటు దాకా తోతాపురి మామిడికాయల ట్రాలీలే. ఫ్యాక్టరీ ఎప్పుడు తీసుకుంటుందో చెప్పేవాడు లేడు. ట్రాలీల కింద నీడలో రైతులు పడుకుని ఉన్నారు. పేకాట కూడా విసుగొచ్చి మానేశారు.

మునిప్రసాద్ ఆటో ఆపేశాడు. వారం మధ్యలో ఖాళీగా ఉన్న జనం ఇక్కడున్నారు.

అయితే ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. లైను కదిలినప్పుడు బండి దగ్గర మనిషి లేకపోతే వెనకబండి పక్కనుంచి ముందుకు పోవచ్చు. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా పోయిన చోటు తిరిగి రాదు. అందుకే ఒంటికి పోవడానికి కూడా ఒకరికొకరు చెప్పుకుని పోతున్నారు.

"మీరు గ్రౌండులో కూర్చోండప్పా, నీడ ఉండాది, నీళ్ళుండాయి" అన్నాడు మునిప్రసాద్ మైకులోనే. "గేటు తీస్తానే మైకులో నేను చెప్తా. పరిగెత్తి వచ్చేయచ్చు."

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న పంకజాక్షితో ఆ మాట మైకు అందుకోకముందే మాట్లాడుకున్నాడు. గేటు తెరవగానే ఆమె ఫోన్ చేయాలి. "చేస్తాలే అన్నా" అంది ఆమె. "నువ్వు మాత్రం వెంటనే చెప్పల్ల. పాపం, తిండీ నిద్రా లేక ఉండారు."

మలుపు దాటాక, గేటుకు దగ్గర్లో ఉన్న ట్రాలీ చక్రానికి ఆనుకుని ఒక ముసలి రైతు కూర్చుని ఉన్నాడు. పేరు దొరస్వామి, కాణిపాకం పక్క పల్లె. కూడా వచ్చిన డ్రైవరు జ్వరమని ఇంటికి పోయాడు. లైను కదిలితే తనే దగ్గరుండి పక్కబండి డ్రైవర్‌ను బతిమాలి జరిపించుకోవాలి. ఫోను చార్జింగ్ అయిపోయి నిన్నటి నుంచి జేబులో బరువుగా ఉంది. మ్యాచి అనగానే ఆయన కళ్ళు వెలిగాయి. బడిలో ఉన్నప్పుడు ఆడేవాడట, ఉత్తకాళ్ళతో.

"నిజంగా చెప్తావా నాయనా? నాకు ఈడ తోడు ఎవురూ లేరు."

"నా గొంతు మీద ఒట్టు పెద్దాయనా."

ఆయన లేచి తలగుడ్డ చుట్టుకుని పంచె బిగించాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు. బండికి ఒకణ్ణి ఉంచగలిగినవాళ్ళు ఉంచి వచ్చారు, లేనివాళ్ళు మైకును నమ్ముకుని వచ్చారు. మ్యాచి మొదలయ్యేసరికి గ్యాలరీ మెట్ల మీద మేకలకు చోటు లేదు.

ఎన్నాళ్ళయింది అట్లాంటి గ్యాలరీని చూసి! తలపాగాలు, చొక్కాల మీద మామిడి సొన మరకలు, బీడీల పొగ. వాళ్ళకు ఏ జట్టు ఏదో కూడా తెలియదు. మునిప్రసాద్ చెప్పగా చెప్పగా తెలిసింది. 'ఉడత' అన్నాడు, గ్యాలరీ 'ఉడత' అంది. దొరస్వామి బల్లకు దగ్గరగా కింది మెట్టు మీద కూర్చుని, బంతి పోయిన వైపల్లా మోకాళ్ళు కదిలిస్తున్నాడు. "పో నాయనా, పో పో! బీరువా పక్కకు ఒరిగినాడు సూడు!" అని అరిచి, అరిచినందుకు తనే సిగ్గుపడి నవ్వాడు. ఆ సంతోషం పట్టలేక మునిప్రసాద్ కాసేపు మైకు పక్కకు తిప్పి దగ్గాడు.

రెండో సగం మొదలైన కాసేపటికి ఫోన్ మోగింది. పంకజాక్షి.

"అన్నా, గేటు తీసేసినారు. బండ్లు లోపలికి పోతా ఉండాయి. బిన్నా చెప్పు, ఆలస్యం చేయొద్దు."

"సరే" అన్నాడు మునిప్రసాద్.

ఫోన్ జేబులో పెట్టుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. అప్పుడే గ్రౌండు గేటులోంచి అమర్‌నాథ్ తెల్లకారు లోపలికి వచ్చింది.

ఒక్క నిమిషం. అమర్‌నాథ్ కారు దిగి, తన కోసం వేసిన కుర్చీలో కూర్చుని, ఒక్కసారి తల తిప్పి చూస్తే చాలు. ముందున్న బండ్లు కాటా దాటేసరికే బోలెడంత ఆలస్యం అవుతుంది, ఈ లోపల ఏం మునిగిపోతుంది? ఇట్లా తనకు తనే చెప్పుకున్నాడు మునిప్రసాద్. నోరు మాత్రం కార్నర్ కిక్కు గురించి చెబుతోంది. బంతి లేవడం, ఉడత ఎగరడం, బీరువా వేళ్ళు తగిలి బంతి కమ్మీ మీదుగా పోవడం. అంత బాగా అతను ఎన్నడూ చెప్పలేదు. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. అమర్‌నాథ్ కారు తలుపు దగ్గరే ఆగి, నోరు తెరిచి, ఫోన్ తీసి ఆ జనాన్ని ఫోటోలు తీసుకున్నాడు. మునిప్రసాద్ ఇంకా మాట్లాడాడు. ఇప్పుడు చెబుతాను, ఈ త్రో అయ్యాక చెబుతాను అనుకుంటూనే మాట్లాడాడు.

పై మెట్టు మీద ఎవరిదో ఫోన్ మోగింది. తర్వాత ఇంకొకటి. బండి దగ్గర ఉంచి వచ్చినవాళ్ళు పిలుస్తున్నారు. "లైను కదిలిండాదిరా!" అన్న కేక పైనుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చింది. అప్పుడు, ఇప్పుడే తెలిసినట్టు, మునిప్రసాద్ మైకులో చెప్పాడు: "రైతులకు గమనిక. ఫ్యాక్టరీ గేటు తెరిచారు." ఎవరో రాసిచ్చింది చదివినట్టే ఉంది ఆ గొంతు.

దొరస్వామి లేచాడు. పంచె అంచు చేత్తో పట్టుకుని, వయసులో ఉన్నవాళ్ళ వెనకాల, తోపులాటలో పక్కకు ఒరుగుతూ పరిగెత్తాడు.

మెట్లు ఖాళీ అయ్యాయి. అమర్‌నాథ్ బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏంటిది మునిప్రసాద్?"

"మామిడికాయల లైను కదిలిందంట సార్. మళ్ళీ వస్తారు సార్."

"పోనీలే. ఫోటో మాత్రం సూపర్‌గా వచ్చింది. తిరుపతి పోస్టర్‌కు వాడుకుంటాం."

"తిరుపతికా సార్? గ్యాలరీ నిండితే ఈడే అంటిరి కదా?"

"అది ఏదో మాటవరసకు అన్నాను. వాళ్ళతో పోయిన నెలే ఒప్పుకున్నాం. నీకు చెప్పలేదా ఎవరూ?" జనం చూడటానికి బల్ల మీద పెట్టిన కప్పును తీసి కారు ముందు సీటులో పెట్టుకుని, ఆట అయ్యేదాకా కూడా ఉండకుండా వెళ్ళిపోయాడు.

ఆట మాత్రం ఆగలేదు. ఉడత గోల్ వేశాడు. "గోల్" అన్నాడు మునిప్రసాద్ మైకులో. ఆ మాట ఎదురుగోడ దాకా పోయి తిరిగి వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆటో తీసుకుని మలుపు దాటాడు. పోకుండా ఉండాలనే అనుకున్నాడు, ఆటో అటే పోయింది. గేటు మూసేశారు. మళ్ళీ శనివారమట. పోవలసినవాళ్ళు పోయారు, ఉండవలసినవాళ్ళు వెనక ఉండిపోయారు. లైనులో చోటు పోయిన దొరస్వామి ట్రాలీ మాత్రం రోడ్డు పక్క గుంట దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఎవరో డ్రైవర్‌ను బతిమాలి తెచ్చుకున్నాడు. శనివారం దాకా కాయ ఆగదు, ఇప్పటికే మెత్తబడింది. వెనక తలుపు గొళ్ళెం తీయగానే కాయలు గుంటలోకి జారాయి. అడుగున మిగిలినవాటిని ముసలాయన కాలితో తోస్తున్నాడు, బంతిని తోసినట్టు కాదు, నెమ్మదిగా, ఒక్కొక్కటే.

పంకజాక్షి టీ గ్లాసులు కడుగుతూ తలెత్తింది. "నేను ఎప్పుడో చేస్తి కదన్నా ఫోను. సరే అంటివి కూడా. మరి ఈయనకు చెప్పలేదా?"

మునిప్రసాద్ గొంతుముడి పైకి లేచి అక్కడే ఆగింది. "కరెంటు పోయిండె" అన్నాడు. "మైకు పలకలేదు."

పంకజాక్షి అతని ముఖంలోకే చూసింది. గ్రౌండు దిక్కునుంచి ఆగకుండా వచ్చిన మైకు మోత ఆమె అంగడి దాకా వినిపించే ఉంటుంది. గ్లాసు బోర్లించింది.

"కరెంటు పోతే ఆయనేం చేస్తాడు లేమ్మా" అన్నాడు, ఆ మైకు పక్కనే కూర్చుని ఆటంతా విన్న దొరస్వామి, ట్రాలీ దిగుతూ. "ఆయన కేకేయబట్టే కదా నేను పరిగెత్తింది. నా కాళ్ళకే సత్తువ లేదు." ఆటో వెనకగా చుట్టి మునిప్రసాద్ దగ్గరికి వచ్చి, మసకలో అతని చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "బాగా చెప్పినావు నాయనా ఆట. ఎన్నాళ్ళకో నవ్వినాను."

చెప్పాలనే నోరు తెరిచాడు మునిప్రసాద్. ఊరంతా తిరిగి అన్ని మాటలూ పలికిన నోరు, ఆ ఒక్కటీ పలకలేకపోయింది. ట్రాక్టర్ స్టార్టయింది. ఖాళీ ట్రాలీ గుంతల్లో గడగడలాడుతూ కాణిపాకం రోడ్డెక్కింది. ఎర్ర లైటు కనిపించినంతవరకు అతను అక్కడే నిలబడి, తర్వాత ఆటో వైపు తిరిగాడు.

వెనక సీటు మీద ముసలాయన తలగుడ్డ మూటకట్టి ఉంది, దాని ముడి సందులోంచి, మెత్తబడనివి చూసి ఏరి పెట్టిన తోతాపురి కాయలు తొడిమెలతో సహా కనిపిస్తున్నాయి.