తొండియార్‌పేట కేబుల్ దొంగ

ఆదిమూలం నాయుడికి దొంగలంటే పడదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, అడగనివాళ్ళకు కూడా. తొండియార్‌పేటలో తన మిద్దె మీద రెండు పెద్ద డిష్‌లు బిగించి, పక్కన రేకుల గదిలో పెట్టెలు పేర్చుకుని, చుట్టుపక్కల వీధులకు కేబుల్ టీవీ ఇస్తున్నాడు.

ఆ పెట్టెల్లో ఒకటి ఇంగ్లీషు సినిమాల చానల్‌ది. ఆ కంపెనీవాళ్ళు బొమ్మను చెదరగొట్టి పంపుతారు. వాళ్ళిచ్చిన కార్డు ఆ డీకోడర్ పెట్టెలో పెడితేనే అది సరిగ్గా కనబడుతుంది. ఆదిమూలం దగ్గరున్న కార్డు వాళ్ళిచ్చింది కాదు. బొంబాయిలో ఎవడో అసలు కార్డుకు నకళ్ళు చేసి అమ్ముతుంటే తెప్పించుకున్నాడు. కంపెనీవాళ్ళు బొమ్మకు వేసిన ఈ తాళాన్ని అప్పుడప్పుడూ మార్చేవాళ్ళు. మార్చిన రోజు తెర నిండా గీతలే. అప్పుడు బొంబాయికి ఫోను, కొరియర్లో కొత్త కార్డు. అలా మారిన ప్రతిసారీ ఆయనకు ఒళ్ళు మండేది.

"ఒక మాట చెప్పి మార్చకూడదా? యాపారం చేసేవాళ్ళకి ఆ మాత్రం మర్యాద ఉండద్దా?" అని భార్య అమ్మణి మీద అరిచేవాడు.

"ఎవురికి చెప్పాల?" అని అమ్మణి అడిగేది. దానికి ఆయన, ఆడవాళ్ళకు యాపారం తెలియదనేవాడు.

తొంభై ఆరులో, వానలు మొదలైన రోజుల్లో, రాయపురం వైపు లైనులో బొమ్మ పల్చబడుతోందని లైన్‌మాన్ గోపాలస్వామి వచ్చి చెప్పాడు. ఆదిమూలం స్వయంగా వెళ్ళి చూశాడు. ఒక గోడవార కేబుల్‌కు గుండుసూది గుచ్చి, దానికి సన్నని వైరు చుట్టి, కిటికీలోంచి లోపలికి లాగి ఉంది. ఆ గది పచ్చయమ్మది. హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే మనిషి. అమ్మణికి ఎన్నో ఏళ్ళుగా చేపలిచ్చేది ఆమే.

వైరు పీకేసి వచ్చేస్తే సరిపోయేది. కానీ అంత మంచి అవకాశాన్ని ఆదిమూలం వదులుకుంటాడా? వైరును జెండాలా పైకెత్తి పట్టుకుని వీధిలోవాళ్ళందరినీ పిలిచాడు.

"చూడండప్పా. ఎండనకా వాననకా నేను లైను లాగితే, ఈమె గుండుసూదితో దోచుకుంటా ఉండాది."

పచ్చయమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "పీకేసినావు గదా నాయుడూ. ఇంకేంది? నేను చూస్తే నీ టీవీలో బొమ్మ తరిగిపోయిందా?"

"తరక్కపోతే దొంగతనం కాదా? ఒకరు కష్టపడి పెట్టుకున్నదాన్ని, వాళ్ళకి చెప్పకుండా నీ ఇంట్లోకి లాక్కుంటే దాన్ని ఏమంటారు?"

దొంగతనమంటే ఏమిటో అంత చక్కగా చెప్పినవాడు ఆ వీధిలో అంతకుముందు లేడు. అక్కడితో ఆగకుండా స్టేషన్‌కి వెళ్ళి ఎస్సై రంగసామికి కంప్లయింటు కూడా ఇచ్చి వచ్చాడు. పచ్చయమ్మ మర్నాటి నుంచి వాళ్ళ ఇంటి వైపు రావడం మానేసింది.

ఆ వారంలోనే కంపెనీ మళ్ళీ తాళం మార్చింది. ఈసారి తాళమొక్కటే కాదు, తలుపు కూడా మార్చింది. పాత కార్డులేవీ పనికిరావట. బొంబాయివాడు ఫోను ఎత్తడం మానేశాడు. గేటు దగ్గర జనం. సినిమా ఏదని ఒకడు, ఈ గీతలేనా సినిమా అని ఇంకొకడు. ఆదిమూలానికి పరువు పోయినట్టయింది. నేరుగా టి. నగర్‌లో ఉన్న ఆ కంపెనీ ఆఫీసుకే ఫోను చేశాడు.

ఫోను ఎత్తిన అమ్మాయి పేరు శ్రీప్రియ. ఆయన అరిచినంతసేపూ ఓపికగా విన్నది.

"మా వీధులన్నిట్లో మీ చానలే చూస్తారమ్మా. వందల ఇండ్లు. చెప్పకుండా మార్చేస్తే ఎట్లా?"

"నిజమే సార్, ఇబ్బందే. మీ పేరు, అడ్రస్ చెప్తారా? కార్డు మీద ఒక నంబరు ఉంటుంది, అదీ చదవండి."

ఆదిమూలం అన్నీ చెప్పాడు. నంబరు రెండుసార్లు చదివాడు, పొరపాటు రాకుండా.

"మేమే వస్తాం సార్," అన్నదా అమ్మాయి.

"అరిస్తేనే పనులవుతాయి ఈ లోకంలో," అన్నాడు ఆదిమూలం అమ్మణితో, ఫోను పెట్టేసి.

రెండో రోజు పొద్దున శ్రీప్రియ వచ్చింది. వెంట రంగసామి కూడా ఉన్నాడు. ఎస్సైని చూడగానే, పచ్చయమ్మ కేసు కోసం వచ్చాడనుకుని ఆదిమూలం ముఖం వెలిగిపోయింది. కాఫీ పెట్టమని కేక వేసి, ఇద్దర్నీ మిద్దె మీదికి తీసుకుపోయాడు.

"ఈడ నుంచే సార్ లైను పొయ్యేది. ఆమె దోచింది ఈ సొత్తునే," అంటూ ఒక్కో పెట్టె మీదా చెయ్యి వేసి చూపించాడు. సినిమా చానల్ పెట్టె మీద కాసేపు ఎక్కువగానే ఉంచాడు.

శ్రీప్రియ కార్డు బయటికి లాగి నంబరు చూసింది. "ఇది కొలంబోలో ఒక హోటలుకి మేమిచ్చిన కార్డు నంబరు సార్. ఆ హోటలు మీదేనా?"

ఆదిమూలం చప్పున పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు. రంగసామి మాత్రం కాఫీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "స్టేషన్‌కి రాండి నాయుడు గారూ. ఎట్లాగూ మీ కంప్లయింటు కూడా ఆడనే ఉండాది," అన్నాడు.

స్టేషన్లో వచ్చినవాళ్ళకు ఉన్నది ఒకే బెంచీ. విచారణకు పిలిస్తే వచ్చి పచ్చయమ్మ అప్పటికే ఒక చివర కూర్చుని ఉంది. ఆదిమూలం నిలబడిపోయాడు.

"సార్, ఆమె పక్కన నన్ను కూర్చోబెట్టడం ఏం బాగుంటుంది? దొంగ కేసులో వచ్చిన మనిషి."

రంగసామి తలెత్తకుండానే, "మీరు ఏ కేసులో వచ్చినారు?" అని అడిగాడు.

ఆదిమూలం రెండో చివర కూర్చున్నాడు, సగం ఒళ్ళు బెంచీ అవతల గాల్లోకి పెట్టి.

మధ్యాహ్నానికల్లా అంతా తేలిపోయింది. పెట్టె, కార్డు స్టేషన్లోనే ఉండిపోయాయి. ఆదిమూలం కంపెనీ దగ్గర సరైన కనెక్షను తీసుకుంటే కేసు పెట్టబోమని శ్రీప్రియ చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. పచ్చయమ్మ మీద కంప్లయింటు వెనక్కి తీసుకోమని రంగసామి అడిగితే మాత్రం చాలాసేపు గింజుకున్నాడు. న్యాయం ఏమైపోతుందన్నాడు. చివరికి సంతకం పెట్టాడు.

అమ్మణి అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చింది. భర్త ముందు ఒక గిన్నె పెట్టి, ఇంకో గిన్నె తీసుకుని పోయి పచ్చయమ్మ పక్కన కూర్చుంది.

"దానికెందుకు పెడతావు?" అన్నాడు ఆదిమూలం.

అమ్మణి ఆయన వైపు చూడలేదు. "తిను పచ్చయమ్మా. రేపు వంజరం చేప తెస్తావా?"

పచ్చయమ్మ గిన్నె అందుకుంది. "మీ ఇంటికి మాత్రం రాను. కావాలంటే నువ్వే హార్బరుకి రా. మంచిది ఎత్తి పెడతాను."

"వస్తాను," అన్నది అమ్మణి.

ఆదిమూలం అన్నం కలుపుకుంటూ, పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌కి ఆ చానల్ కంపెనీవాళ్ళు ఎంత మోసగాళ్ళో చెప్పడం మొదలుపెట్టాడు.