నాలుగేళ్ల ఎలెన్ సమాధి

2004 వేసవి సెలవుల్లో ఒక ఉదయం పాస్టర్ షాలేమ్‌రాజు ఉత్తరం ఒకటి పట్టుకుని సంపూర్ణ టీచర్ ఇంటికి వచ్చాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన కవరు. పైన ‘పాస్టరుగారు, దుమ్ముగూడెం చర్చి’ అని మాత్రమే ఉంది.

"ఈ చేతిరాత నాకు తెలుస్తలేదు టీచరమ్మా. జర సదివి చెప్పున్రి," అన్నాడు.

సంపూర్ణ మండలంలోని బళ్లలో ముప్ఫై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి, ఆ ఏప్రిల్లోనే రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఆరోగ్యం అనే ఎనభై నాలుగేళ్ల పెద్దమ్మ, తనూ ఇద్దరే ఉంటారు ఆ ఇంట్లో. కళ్లజోడు తుడుచుకుని ఉత్తరం విప్పింది.

రాసినామె పేరు మార్గరెట్. డెబ్బై రెండేళ్లు. తన ముత్తాత కుటుంబ చరిత్ర రాస్తోందట. ముత్తాత శామ్యూల్ గుర్రపు బళ్లకు చక్రాలు చేసే వడ్రంగి. గోదావరి మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో, కాలువ లాకులకు తలుపులు చేసే పని దొరికి, భార్య సేరాతో దుమ్ముగూడెం వచ్చాడు. పని ఆగిపోయాక 1871లో తిరిగి వెళ్లిపోయి, మళ్లీ చక్రాల దుకాణం తెరిచాడు. వాళ్ల ఇంటి బైబిల్లో పిల్లల పేర్లన్నీ రాసి ఉన్నాయి. అందులో ఒక పేరు ఎలెన్. పుట్టింది దుమ్ముగూడెంలో. నాలుగేళ్లకే మశూచితో చనిపోయింది, అక్కడే పాతిపెట్టారు.

‘ఆ పాప సమాధి ఇంకా ఉంటే దాని ఫోటో ఒకటి పంపగలరా? నా ఒళ్లు ప్రయాణానికి సహకరించదు,’ అని ముగించింది మార్గరెట్.

సంపూర్ణ ఆ చివరి వాక్యాలు మూడుసార్లు చదివింది.

"ఏమైంది టీచరమ్మా?" అన్నాడు పాస్టరు.

"ఈ పాప నాలుగేళ్లకు సచ్చిపోలేదయ్యగారూ," అంది సంపూర్ణ. "డెబ్బై రెండేండ్లు బతికింది. మా అమ్మకు అమ్మమ్మ."

ఊళ్లో అందరూ ఎల్లమ్మ అనే పిలిచేవారు ఆమెను. మంత్రసాని. చుట్టుపక్కల గూడేల్లో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. తేనెరంగు కళ్లు, ఎండకు కందిపోయే చర్మం. ఆమె కథ ఆ ఇంట్లో తరాలుగా ఒకేలా చెప్పుకున్నారు. దొరలు పడవ ఎక్కేరోజున పిల్లకు ఒంటినిండా అమ్మవారు పోసింది. పడవవాళ్లు పిల్లను ఎక్కించుకోం అన్నారు. తల్లి ఒళ్లో ఇంకో పసిబిడ్డ ఉంది. వంట చేసే కోయ మనిషి భీమక్క చేతిలో పిల్లను పెట్టి, నయమైతే జాబు రాయించు, మనిషిని పంపుతాం అని వెళ్లారు. మళ్లీ పిల్ల ఊసెత్తలేదు. దొరలు కన్నబిడ్డను వదిలేసి పోయారు. ఇదీ కథ.

పాస్టరు వెళ్లాక సంపూర్ణ పెరట్లోకి నడిచింది. ఆరోగ్యం నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సంపూర్ణ ఉత్తరమంతా తెలుగులో చెప్పింది.

"పిల్ల సచ్చిపోయిందని వాళ్లకెవరు చెప్పిన్రు పెద్దమ్మా?"

ఆరోగ్యం చేతిలోని గింజను చాటలో వేసింది.

"భీమక్క," అంది. "మిషను బడి పంతులుతోటి జాబు రాయించింది."

సంపూర్ణ ఆమె పక్కన కూలబడింది.

"పిల్లను అడివిల తన గూడేనికి తీస్కపోయింది. యాపాకులల్ల పండవెట్టి, గంజి తాపి బతికిచ్చుకుంది. ఆమెకు పిల్లల్లేరు. బతికిందంటే మనిషిని పంపి తీస్కపోతరని భయం. సచ్చింది, పాతిపెట్టినం అని పంతులుకు చెప్పింది. ఆయన నమ్మి రాసిండు. ఆయన బదిలీ అయి పోయినంకనే పిల్లను మల్ల ఈ ఊరికి తెచ్చింది."

"ఎల్లమ్మకు తెలుసా?"

"అవ్, తెలుసు. భీమక్క ప్రాణం పొయ్యేటప్పుడు చెప్పింది. అప్పటికి మా అమ్మమ్మకు ముప్పయేండ్లు. మూడొద్దులు ఎవరితోటీ మాట్లాడలేదంట. రాద్దామంటే ఊరి పేరు తెల్వదు, ఇంటిపేరన్న సరిగ తెల్వదు. తల్లిని ఏమని పిలిచేదో గూడ మర్చిపోయింది."

"మరి మాకందరికీ వాళ్లే వదిలేసి పోయిన్రని ఎందుకు చెప్పిన్రు?"

"అమ్మమ్మ గట్లనే చెప్పుమన్నది. నాకు పందొమ్మిదేండ్లప్పుడు, తలకు నూనె వెడుతుంటే చెప్పింది ఇదంత. ‘దూరంగున్నోళ్లకు ఒక మాట పడితే ఏంగాదు బిడ్డా. భీమక్క పేరు ఈ ఊర్ల చెడొద్దు’ అన్నది." ఆరోగ్యం కొంగుతో ముఖం తుడుచుకుంది. "కానీ పొద్దుగూకే యాళకు లాకు కాడికి పొయ్యి కూసునేది. తలుపు చెక్క మీద చెయ్యేసి. మా అయ్య చిత్రికవట్టిన చెక్క అనేది. నీళ్లల్ల నాని పాసివట్టిన చెక్క అది. ఏంది అమ్మమ్మా గట్ల నిమురుతవ్ అంటే, నవ్వేది."

మార్గరెట్‌కు ఏం రాయాలో తేల్చుకోవడానికి సంపూర్ణకు పది రోజులు పట్టింది. ఫోటో స్టూడియో రవీందర్‌ను తీసుకెళ్లి చర్చి వెనక ఎల్లమ్మ సమాధికి ఫోటో తీయించింది. దాంతోపాటు జరిగిందంతా, ఎల్లమ్మ సంతానం పేర్లతో సహా రాసి పోస్టు చేసింది.

జవాబు ఆగస్టులో, గోదావరి నిండుగా ఉన్నప్పుడు వచ్చింది. పిల్ల పోయిందన్న జాబు అందిన ఏడాది శామ్యూల్ దుకాణం సగం రోజులు మూసే ఉందని ఇంట్లో చెప్పుకునేవారట. మూడేళ్లకు ఇంకో ఆడపిల్ల పుడితే సేరా పట్టుబట్టి ఎలెన్ అనే పేరు పెట్టింది. ఆ రెండో ఎలెన్ మార్గరెట్‌కు అమ్మమ్మ. ‘మా అమ్మ నన్ను పిలిచినప్పుడల్లా ఇంకెవరినో పిలుస్తున్నట్టుండేది అని చెప్పేది మా అమ్మమ్మ,’ అని రాసింది మార్గరెట్.

ఆరోగ్యం కదలకుండా విన్నది.

"తల్లి ఏడ్చిందా? రాసిందా అది?"

"రాసింది పెద్దమ్మా. సచ్చిపోయేదాక ఆ పిల్ల పుట్టినరోజున అన్నం ముట్టేది కాదంట."

"మల్లొకసారి సదువు."

సంపూర్ణ మళ్లీ చదివింది. ఆరోగ్యం కన్నీళ్లు తుడుచుకోలేదు. కాసేపటికి, "కాయితం తీస్కో, నేను చెప్పింది రాయి," అంది.

"మా అమ్మమ్మ మంచిగ బతికింది. ఐదుగురు పిల్లల్ని కన్నది. జల్దీ కోపమొచ్చేది, జల్దీ పొయ్యేది. మీ మీద ఎన్నడు కోపం పెట్టుకోలె. మీరు మా భీమక్కను తిట్టుకోకున్రి. ఆమె దొంగిలిచ్చింది నిజమే. కానీ సచ్చేపిల్లను బతికిచ్చుకుంది."

దొంగిలించడం అన్న మాట దగ్గర సంపూర్ణ కలం ఆగింది. తర్వాత అలాగే ఇంగ్లీషులో రాసింది.

క్రిస్మస్‌కు ముందు మార్గరెట్ ఒక ఫోటో పంపింది. అది వాళ్ల ఇంటి బైబిల్లోని పుట. ఎలెన్ పేరు పక్కన మరణించిన సంవత్సరం కొట్టేసి, 1939 అని రాసి ఉంది. కింద ఐదుగురు పిల్లల పేర్లు, వాళ్ల పిల్లలు, చివరన సంపూర్ణ. పక్కన చిన్న అక్షరాల్లో ‘భీమక్క, పెంచిన తల్లి’ అని ఇంగ్లీషులో.

ఆరోగ్యానికి ఇంగ్లీషు రాదు. ఏ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. ఒక్కో పేరు దగ్గర తనూ వేలు ఆనించి చూసింది.

"మా అమ్మమ్మ సూడాల్సింది ఇది," అంది.